ఎత్తు, పైఎత్తు, రాత: తెలుగునాట చదరంగ అభ్యాస చరిత్ర

తెలుగువారి ఆటపాటల చరిత్ర రాసినవారు ఆడినవారిని గురించి, ఆడించి ఆదరించిన రాజులను గురించి విస్తారంగానే చెప్పారు. నేర్చుకొన్నవారిని గురించి చెప్పినది తక్కువ. చదరంగం విషయంలో ఈ కొరత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పులిజూదానికి బండమీద నాలుగు గీతలు, గుప్పెడు గులకరాళ్లు చాలు. పక్కన నిలబడి రెండు ఆటలు చూసిన పిల్లవాడు మూడో ఆటకు తానే కూర్చోగలడు. చదరంగానికి ఆ వెసులుబాటు లేదు. ఆరు రకాల పావులు, ఆరు రకాల నడకలు, వాటికి తోడు ఒకప్పుడు ప్రాంతానికొక నియమం. నడకలు ఒక పూటలో పట్టుబడతాయి. ఆట పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న కాలంలో అభ్యాసకుడు దేనిని ఊతగా పట్టుకొని ఎదిగాడు, ఏ భాషలో ఎదిగాడు అన్నది ఇక్కడ పరిశీలనాంశం. చదరంగ విద్య చిరకాలం మాట మీద, ధారణ మీద నడిచి, తరువాత రాత మీదికి మారింది. ఈ మార్పులో తెలుగుకు దక్కిన చోటు విచిత్రమైనది. ఆటను గురించి మాట్లాడే తెలుగు నేటికీ చెక్కుచెదరలేదు. ఆటను రాసే తెలుగు మాత్రం పోటీ బల్లల దగ్గర నిలదొక్కుకోలేదు.

ఆటకు సంబంధించిన తొలి సాహిత్య ప్రస్తావనలలో ఒకటి అలంకారం రూపంలో దొరకడం సాహిత్య విద్యార్థికి ఆసక్తి కలిగించే విషయం. 7వ శతాబ్దంలో బాణుడు హర్షచరిత్రలో హర్షుని పాలనను వర్ణిస్తూ పరిసంఖ్యాలంకారాల వరుసను కూర్చాడు. ఆ రాజ్యంలో ‘చతురంగకల్పన’ అష్టాపదాలకే పరిమితమని అందులో ఒక అంశం. కాళ్లూ చేతులూ నరికే శిక్ష ప్రజలకు లేదనీ, చతురంగ సేనను తీర్చడం ఎనిమిదేసి గడుల పలక మీద మాత్రమే జరిగేదనీ శ్లేష. ఇది పాఠకుడికి తగలాలంటే అతనికి ఆ పలక మీద బలగాన్ని తీర్చడం ముందే తెలిసి ఉండాలి. అంటే రాజాస్థాన పాఠకవర్గానికి ఆట అప్పటికే పరిచితం. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు కావ్యాలంకారంలో మరో అడుగు ముందుకు వేశాడు. ఎనిమిదేసి అక్షరాల నాలుగు పాదాలను ముప్పైరెండు గడులలో, అనగా సగం పలకలో, పేర్చి గుర్రపు నడకలో చదివితే మళ్లీ అదే శ్లోకం వచ్చేలా కూర్చాడు. ఏనుగు నడకకూ, రథపు నడకకూ వేరే శ్లోకాలున్నాయి. వేదాంతదేశికుల పాదుకాసహస్రంలోని చిత్రపద్ధతిలో ఒక శ్లోకాన్ని గుర్రపు నడకలో చదివితే మరో శ్లోకం వెలువడుతుంది.

చిత్రకవిత్వాన్ని అధమకావ్యమని పక్కన పెట్టే విమర్శకులు దీని ఉపయోగాన్ని గమనించలేదనిపిస్తుంది. చదరంగం నేర్చే పిల్లవాడిని అన్నిటికంటె ఎక్కువ తికమకపెట్టేది గుర్రమే. మిగతా పావులన్నీ గీత వెంట పోతాయి, ఇది దూకుతుంది. ఉర్దూలో ‘ఢాయీ ఘర్’, అనగా రెండున్నర ఇళ్లు, అని దాని నడకను లెక్క చెప్పి నేర్పుతారు. పలకలోని ప్రతి గడినీ ఒక్కసారి మాత్రమే తాకుతూ గుర్రాన్ని తిప్పడం ఇప్పటికీ శిక్షకులు ఇచ్చే కసరత్తు. రుద్రటుని శ్లోకం నోటికి వచ్చినవాడికి ఆ దారి కూడా నోటికి వచ్చినట్లే: అక్షరం గడికి గుర్తు, శ్లోకం దారికి పటం. ఛందస్సు ఇక్కడ జ్ఞాపకానికి పట్టుకొమ్మ.

దక్కనులో ఈ ఆట రాజవినోదాల జాబితాలో చేరిన సాక్ష్యం 12వ శతాబ్దంలో ఉంది. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుని మానసోల్లాసం వినోదాలలో చతురంగానికి చోటిచ్చింది. అప్పటికి హనుమకొండలో కాకతీయ రెండో ప్రోలరాజు చాళుక్యులకు సామంతుడు. అధిరాజు ఆస్థానంలో నియమాలతో సహా గ్రంథస్థమైన వినోదం సామంతుని ఆస్థానానికి తెలియకుండా ఉండటం కష్టం. అయితే ఓరుగల్లు వినోదాలను కళ్లకు కట్టించే క్రీడాభిరామంలో పెద్దపీట పొట్టేళ్ల పోరుకు, కోడిపందేలకు దక్కింది. చదరంగం గుంపును పోగుచేసే ఆట కాదు. ఇద్దరు కూర్చుంటే, నలుగురు చుట్టూ చేరితే అదే సభ.

ఆ నలుగురి సంగతిని ఒక చాటుకథ అనుకోకుండా పట్టిచ్చింది. శ్రీకృష్ణదేవరాయలతో (పాలన 1509–1529) చదరంగమాడి గెలిచేవాడని బొడ్డుచర్ల తిమ్మనను కీర్తించే చాటువు ప్రసిద్ధం. రాజు పక్షాన వందమంది ఏకమైనా గెలుపు తిమ్మనదేనని దాని భావం. ఆ నైపుణ్యానికి కొప్పోలు గ్రామాన్ని రాయలు బహూకరించాడని కథ. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) ద్వారా ఇది ఆధునిక పాఠకులకు చేరువైంది. చాటువును శాసనంలా చదవరాదు. ‘వంద’ అనే సంఖ్యలోని అతిశయోక్తిని పక్కన పెట్టవలసిందే. కాని ఆ అతిశయోక్తి ఆధారపడిన దృశ్యం నిజమైనది. రాజు ఒక్కడే ఆలోచించడు; చుట్టూ ఉన్నవారు ఎత్తులు సూచిస్తారు, వాదించుకొంటారు, ఒకదాన్ని ఒప్పుకొని పావును కదుపుతారు. ఇప్పుడు పోటీలో నోరు మెదిపితే తప్పు. ఆనాడు ఆ సంప్రదింపే పాఠశాల. కొత్తవాడు అక్కడ చెవితో నేర్చుకొంటాడు: ఒక ఎత్తు ఎందుకు మంచిది, మరొకటి ఎందుకు కాదు అనే వాదం అతనికి బిగ్గరగా వినిపిస్తుంది. ఇంటి అరుగు మీద, ఊరి రచ్చబండ దగ్గర సాగిన చదరంగానికీ ఇదే పద్ధతి. ఆడేవారికంటె చూసేవారికే ఎత్తులు బాగా కనిపిస్తాయనే ఎగతాళి ఊరికే పుట్టలేదు.

ఇలా బిగ్గరగా ఆలోచించిన ఆట కావడం వల్లనే దాని మాటలు తెలుగులో అంత లోతుగా ఇంకాయి. చతురంగం తద్భవమై చదరంగమైంది. పలక నిండా చదరాలే ఉండటంతో ‘చదరము’ అనే మాట పక్కనే నిలిచి, రెండింటికీ చుట్టరికం ఉన్నట్లు సామాన్యుడికి తోపిస్తుంది. పావును ఎత్తి మరో గడిలో పెట్టడం ‘ఎత్తు’. ఆ ఎత్తులోని ఉపాయమూ ‘ఎత్తు’. దానికి జవాబు ‘పైఎత్తు’. రాజకీయ వార్త రాసే విలేకరి ‘పావులు కదుపుతున్నారు’ అని రాసినప్పుడు గాని, ఇంట్లో పెద్దలు పిల్లవాడి అల్లరికి ‘ఆట కట్టించారు’ అన్నప్పుడు గాని ఎవరికీ పలక గుర్తురాదు. ఒక ఆట పరిభాష ఆటను దాటి నిత్యవ్యవహారంలో కలిసిపోయిందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. క్రికెట్‌కు ఎంతమంది అభిమానులున్నా దాని మాటలు ఇంకా ఇంత దూరం ప్రయాణించలేదు.

పావుల పేర్లలోనూ చరిత్ర దాగి ఉంది. తెలుగులో మూలగడిలో ఉండేది ఏనుగు. రాజు, మంత్రుల పక్కన ఉండేది శకటు. అరబ్బు, పారసీక సంప్రదాయంలో ఇది తలకిందులు. అక్కడ ‘ఫీల్’ అనే ఏనుగు లోపల, ‘రుఖ్’ మూలలో ఉంటాయి. భారతీయులు ఏనుగులను మూలల్లో పెడతారని 9వ శతాబ్దపు అరబ్బు చదరంగ గ్రంథకర్త అల్-అద్లీ చెప్పిన మాట ప్రసిద్ధం. ఏనుగు నడక తరువాత మారినా ఆ స్థానం తెలుగు పలక మీద ఇప్పటికీ నిలిచే ఉంది. రథం లోపలికి జరిగి శకటు అయింది. హిందీ ప్రాంతాల్లో అదే స్థానంలో ఒంటె నిలిచింది. ఐరోపాలో 15వ శతాబ్దం చివర మంత్రి స్థానంలోని పావు రాణి అయి, పలకంతా తిరిగే బలం సంపాదించింది. ఆ బలం కాలక్రమంలో ఇక్కడి పావుకూ వచ్చింది గాని పేరు మారలేదు. తెలుగు పిల్లవాడికి పలకమీద అత్యంత బలశాలి నేటికీ మంత్రే. రాజు ఒక్క గడి కదిలితే మంత్రి దేశమంతా తిరుగుతాడన్న వాస్తవం తిమ్మరుసు కథలు విన్న జాతికి వింతగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. నిజాం రాజ్యంలో పాలనకూ ఉన్నత విద్యకూ ఉర్దూ మాధ్యమం కావడంతో తెలంగాణలో ‘వజీరు’, ‘ప్యాదా’, ‘షహ్’ వంటి మాటలకూ చోటు ఏర్పడింది. కొత్తగా నేర్చుకొనేవాడికి ఇది భారమేమీ కాదు. ఒకే పావుకు రెండు పేర్లుంటే రెండూ గుర్తుపెట్టుకొంటాడు. అసలు చిక్కు నియమాల దగ్గర వచ్చింది.

దేశీయ చదరంగంలో బంటు మొదటి ఎత్తులో సాధారణంగా ఒక్క గడే నడిచేది. రాజును ఏనుగు చాటుకు చేర్చే కోట కట్టడం లేదు; దానికి బదులు రాజు ఒకసారి గుర్రంలా దూకవచ్చు. చివరి వరుసకు చేరిన బంటు తాను చేరిన నిలువు వరుసకు చెందిన పావుగానే మారుతుంది తప్ప కోరిన పావుగా మారదు. బంటుతో ఆట కట్టించడం గొప్పగా ఎంచేవారు. ఈ నియమాలతో ఆట మెల్లగా మొదలవుతుంది. ఇరుపక్షాలూ ముందు కోటలు పేర్చుకొని తరువాత తలపడతాయి. ఐరోపా నియమాలతో నాలుగో ఎత్తుకే ప్రమాదం ముంచుకొస్తుంది. ఒక పద్ధతిలో చేయి తిరిగినవాడు రెండో పద్ధతిలో మళ్లీ ప్రారంభకుడే. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా 1977లో సత్యజిత్ రాయ్ తీసిన ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’లో ఈ రెండో పద్ధతిని లక్నో మిత్రులకు ఒకరు వివరించే సన్నివేశం ఉంది. అవధ్ నవాబు రాజ్యానికి పొంచి ఉన్న ప్రమాదాన్ని రాయ్ ఆ నియమాల తేడాలోనే సూచించాడు. దేశీయ పద్ధతిలో పెరిగిన పంజాబు ఆటగాడు మీర్ సుల్తాన్ ఖాన్ ఐరోపా నియమాలను ఆలస్యంగా నేర్చుకొని, 1929, 1932, 1933లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. ఆట ఆరంభ దశలో తడబడినా అంత్యదశలో అతని బలం అపారమని ప్రత్యర్థులు ఒప్పుకొన్నారు. ఎత్తులు పుస్తకంలో చదివి రాలేదు. పలక ముందు కూర్చొని వచ్చాయి.

రెండు పద్ధతుల మధ్య వంతెన కట్టాలని చాలా ముందే ఒక దాక్షిణాత్య నామధారి పూనుకొన్నాడు. తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృత మూలం నుంచి ఆంగ్లంలోకి తెచ్చిన చదరంగ వ్యాసాలు 1814లో బొంబాయిలో అచ్చయ్యాయి. ఐరోపా ఆటపద్ధతికి అనువుగా కూర్చిన ఆ పుస్తకంలో ప్రధానంగా ఉన్నవి చిక్కు స్థితులు. అభ్యాసకుని మెరుగుపరచడానికీ, జ్ఞాపకశక్తికి కసరత్తుగానూ ఉద్దేశించినవని శీర్షికలోనే ప్రకటన ఉంది. ఈ రెండు ప్రయోజనాలను ఒకే ఊపిరిలో చెప్పడం గమనించదగినది. మెరుగుపడటం వేరు, గుర్తుంచుకోవడం వేరు అనే భావన ఆ పండితునికి లేదు. సంస్కృత విద్యాసంప్రదాయంలో పెరిగినవాడికి అమరమైనా అష్టాధ్యాయి అయినా ముందు కంఠస్థం కావాలి, అర్థం తరువాత వికసిస్తుంది. చదరంగానికీ అతడు అదే క్రమాన్ని అన్వయించాడు. ఆట మొదటి ఎత్తు నుంచి గాక ముగింపుకు దగ్గరలో ఉన్న ఒక స్థితి నుంచి పాఠం మొదలవుతుంది. పావులు తక్కువ, ప్రశ్న ఒక్కటే. కొత్తవాడికి మొదట అంత్యస్థితులు నేర్పాలని కాపబ్లాంకా తన 1921 నాటి ప్రాథమిక గ్రంథంలో పాటించిన క్రమం కూడా ఇటువంటిదే. అరబ్బుల ‘మన్సూబా’ సంప్రదాయంలో పెరిగిన అలెప్పో నగరవాసి ఫిలిప్ స్టామా 1737లో పారిస్‌లో ఇలాంటి స్థితుల సంపుటాన్నే ప్రచురించాడు. గడులను అక్షరం, అంకెలతో సూచించే పద్ధతిని ఐరోపాలో ప్రవేశపెట్టినదీ ఆ పుస్తకమే. ఆ సంగతికి మళ్లీ రావలసి ఉంది.

జ్ఞాపకానికీ చదరంగానికీ తెలుగువారు కుదిర్చిన పొత్తు మాత్రం మరెవరి సాహిత్యంలోనూ అంత విస్పష్టంగా కనిపించదు. అష్టావధానంలో చదరంగం ఒక అంశం. తిరుపతి వేంకట కవుల కాలం నాటి అష్టావధానాలలో కవిత్వం, వ్యస్తాక్షరి, పుష్పగణనం, ఘంటాగణనం, లోకాభిరామాయణం వంటి వాటి సరసన చదరంగం నిలిచింది. పద్యపాదం కుదురుతున్న సమయానికి పృచ్ఛకుడు తన ఎత్తు వేస్తాడు. అవధాని దానికి పైఎత్తు చెప్పి మళ్లీ పాదంలోకి వెళ్లాలి. ఏకాగ్రతను భగ్నం చేయడమే ఆ అంశం పని అనుకోవడం సాధారణం. పరిశీలిస్తే చదరంగం అక్కడ మరో పని కూడా చేస్తుంది. ఘంటాగణనంలో గంటల సంఖ్య ఒకటే గుర్తుండాలి. వ్యస్తాక్షరిలో అక్షరాలు క్రమం తప్పి వచ్చినా చివరకు అవి స్థిరమైన వాక్యంగా కుదురుకొంటాయి. చదరంగంలో స్థితి ప్రతి ఎత్తుకూ మారుతుంది. గుర్తుంచుకొన్నదాన్ని ప్రతిసారీ చెరిపి మళ్లీ రాసుకోవాలి. ధారణకు ఇది వేరొక పరీక్ష. సాహిత్యాంశాలకే పరిమితమైన అష్టావధానాలు ప్రచారంలోకి వచ్చాక నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు, అప్రస్తుత ప్రసంగాలు ముందుకు వచ్చి చదరంగం వెనక్కు తగ్గింది. కవిత్వం దృష్టితో ఇది లాభం కావచ్చు. ధారణ అనే శాస్త్రాన్ని దృష్టిలో పెట్టుకొంటే ఒక ముఖ్యమైన ప్రయోగశాల మూతపడింది.

ప్రయోగశాల అనడం అలంకారం కోసం కాదు. డచ్చి మనస్తత్వవేత్త ఆడ్రియాన్ డి గ్రూట్ 1946లో, ఆ తరువాత అమెరికాలో చేస్, సైమన్ 1973లో చదరంగ క్రీడాకారుల జ్ఞాపకాన్ని పరీక్షించారు. నిజమైన ఆటలోని స్థితిని కొద్ది క్షణాలు చూపి పావులను తిరిగి పేర్చమంటే నిష్ణాతులు దాదాపు పొల్లు పోకుండా పేర్చారు. కొత్తవారు నాలుగైదు పావుల దగ్గరే ఆగిపోయారు. అవే పావులను ఇష్టం వచ్చినట్లు చెల్లాచెదరుగా పెట్టి చూపినప్పుడు నిష్ణాతుల ఆధిక్యం దాదాపు మాయమైంది. నిష్ణాతుడు పావులను విడివిడిగా చూడడు. అర్థవంతమైన గుంపులుగా చూస్తాడు. అవధాని అనుభవం దీనికి దగ్గరగా ఉంది. సభ చివర ధారణ సమయంలో పద్యాలన్నీ వరుసగా అప్పజెప్పే అవధానికి అక్షరాలు ఒక్కొక్కటిగా గుర్తుండవు. గణాలు, యతి, ప్రాస అనే కట్టడం ఒక అక్షరానికి మరో అక్షరాన్ని పట్టి ఉంచుతుంది. ఛందస్సు తెలియని శ్రోతకు అదే పద్యం చెల్లాచెదురైన పలక. కాబట్టి ‘జ్ఞాపకశక్తికి కసరత్తు’ అన్న 1814 నాటి మాటను కేవలం బట్టీగా తీసుకోరాదు. చదరంగంలో కొత్తవాడు పెంచుకోవలసినది వందల ఎత్తుల జాబితా కాదు, గుంపులను గుర్తుపట్టే చూపు.

ఆ చూపు మాట ద్వారా ఎంతవరకు వస్తుంది? అరుగు మీది విద్యకు ఒక పరిమితి ఉంది. ఆట ముగియగానే పావులు పెట్టెలోకి పోతాయి. ఓడినవాడి తప్పు కూడా వాటితోపాటే పోతుంది. ఎక్కడ తప్పటడుగు పడిందో మరునాడు చూపడానికి ఆధారం ఉండదు. పైగా నోటితో ఎత్తు చెప్పేవాడు ‘మంత్రి ముందరి బంటు’, ‘రాజు పక్క శకటు’ అని పావు నుంచి పావుకు చుట్టరికం కలిపి చెబుతాడు. తనకు కుడి అయినది ఎదుటివాడికి ఎడమ. ఆంగ్లంలోని పాత వర్ణనాత్మక లిపి కూడా ఇదే ధోరణిది. అక్కడ ప్రతి ఆటగాడూ గడులను తన వైపు నుంచే లెక్కించేవాడు. స్టామా పద్ధతిలో గడికి స్థిరమైన పేరు ఉంటుంది. ఎవరు ఎటు కూర్చున్నా అది మారదు. 1924లో ఏర్పడిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) 1981 నుంచి తన పోటీల్లో ఈ పద్ధతిని మాత్రమే గుర్తిస్తోంది. దీర్ఘకాలిక పోటీలో ఆటగాడు తన ఎత్తులనూ ఎదుటివాడి ఎత్తులనూ స్కోరు పత్రం మీద రాయాలి. కొత్తవాడికి ఇది మొదట విసుగు. నెల తిరిగేసరికి ఆ పత్రాల కట్టే అతని అసలు పాఠ్యపుస్తకం అవుతుంది. ఓటమి మొదటిసారిగా మళ్లీ చదువుకోదగిన వస్తువైంది.

ఈ మార్పు ఫలితాలు తెలుగునాట రెండు తరాలలోనే కనిపించాయి. గుంటూరులో 1986లో పుట్టిన పెండ్యాల హరికృష్ణకు ఆట తాతగారి దగ్గర పరిచయమైంది. 2001లో గ్రాండ్‌మాస్టర్, 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్. 1987లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి శిక్షకుడు తండ్రి అశోక్. కూతురి శిక్షణ కోసం ఆయన అధ్యాపక వృత్తిని విడిచారు. ఆమె 2002లో గ్రాండ్‌మాస్టర్ అయ్యే నాటికి వయస్సు పదిహేనేళ్లు దాటి రెండు నెలలు కాలేదు. 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. వరంగల్‌లో 2003లో పుట్టిన ఎరిగైసి అర్జున్ హనుమకొండలో శిక్షణ పొంది, 2018లో పదిహేనేళ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2022లో జాతీయ చాంపియన్ అయ్యాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత జట్టుకు స్వర్ణం వచ్చినప్పుడు మూడో బల్ల మీద వ్యక్తిగత స్వర్ణం అతనిదే. ఆ ఏడాది డిసెంబరు జాబితాలో 2801 పాయింట్లతో, ఆనంద్ తరువాత 2800 దాటిన రెండో భారతీయుడిగా నిలిచాడు. ఈ కథనాలలో పత్రికలు ప్రతిభను, త్యాగాన్ని చూపాయి. తాత, తండ్రి అనే పాత గురుస్థానాలు ఎంత గట్టిగా నిలిచాయో కూడా వాటిలో కనిపిస్తుంది. అరుగు ఎక్కడికీ పోలేదు. దానికి రాత జతపడింది.

ఈ రెండు కొసల మధ్యనున్న ఊళ్ల సంగతి వేరు. నిజాం రైల్వే 1889లో బెజవాడకు చేరినప్పటి నుంచి కాజీపేట, బెజవాడల నడుమ సాగే మార్గంలో, వరంగల్ దాటి మహబూబాబాదుకు ముందు వచ్చే స్టేషను నెక్కొండ. ఆ పట్టాల ఒక కొస అర్జున్ పెరిగిన హనుమకొండకు ఆనుకొని ఉంది. మరో కొస హంపి నివాసమైన విజయవాడ. ఒక మండలకేంద్రం ఇద్దరు ప్రపంచస్థాయి క్రీడాకారుల ఊళ్లను కలిపే దారి మీద ఉండటం యాదృచ్ఛికమే. దూరం రైలు లెక్కలో గంటలే, విద్య లెక్కలో ఎక్కువ. నెక్కొండ వంటి చోట తెలుగు మాధ్యమ బడిలో చదివే పిల్లవాడు చదరంగం పట్టుకొంటే మొదట వినేది ఏనుగు, గుర్రం, శకటు, బంటు. ఆ మాటలతోనే అతడు ఆలోచిస్తాడు, ‘వాడి ఎత్తు కనిపెట్టాను’ అని తోటివాడితో అంటాడు. జిల్లా పోటీకి వెళ్లిన నాడు ఆ మాటలను పక్కన పెట్టి ఆంగ్లాక్షరాలలో ఎత్తులు రాయడం నేర్చుకోవాలి. రాజుకూ గుర్రానికీ ఆంగ్లంలో మొదటి అక్షరం ఒకటే కావడంతో గుర్రానికి రెండో అక్షరాన్ని వాడతారన్న మినహాయింపునూ గుర్తుపెట్టుకోవాలి. తెలివైన పిల్లవాడికి ఇది పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. కాని ఆలోచించే మాట ఒకటి, రాసే గుర్తు మరొకటి అయినప్పుడు ప్రారంభదశలో ప్రతి ఎత్తుకూ మనస్సులో ఒక అనువాదం జరుగుతుంది. గడియారం నడుస్తూనే ఉంటుంది.

ఈ అనువాదం తప్పనిసరి కాదన్నది అంతగా చర్చకు రాని విషయం. ఫిడే నియమావళి ఎత్తులను రాసే అనుబంధంలో పావు పేరుకు తన దేశంలో వాడుకలో ఉన్న పేరు మొదటి అక్షరాన్ని రాసుకొనే స్వేచ్ఛను ఆటగాడికి ఇచ్చింది. ఫ్రెంచి, డచ్చి భాషల ఉదాహరణలను అక్కడే చూపింది. రష్యనులు ఈ పనిని ఏనాడో చేశారు: పావులకు తమ లిపి, గడుల నిలువు వరుసలకు లాటిన్ అక్షరాలు. వారి భాషలోనూ రాజు, గుర్రం ఒకే అక్షరంతో మొదలవుతాయి. అందుకే రాజుకు రెండక్షరాలు రాస్తారు. ఆ లిపిలోనే ఒక మహా చదరంగ సాహిత్యం పెరిగింది.

తెలుగుకు ఆ ఇబ్బంది కూడా లేదు. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం: రా, మం, ఏ, శ, గు. ఏ రెండూ కలవవు. బంటుకు ఏ భాషలోనూ గుర్తు అక్కరలేదు, గడి పేరు చాలు. శకటును ఒంటె అనేవారు ‘ఒ’ రాసుకొన్నా గందరగోళం లేదు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త కావాలి. మొదటి నిలువు వరుసకు పెట్టిన లాటిన్ అక్షరాన్ని తెలుగువాడు ‘ఏ’ అనే పలుకుతాడు. ఏనుగును ఆ వరుసలోని మొదటి గడికి నడిపి, ఎత్తును తెలుగు లిపిలోనే పూర్తిగా రాస్తే ‘ఏఏ1’ అవుతుంది. వరుసలను లాటిన్‌లోనే ఉంచితే కాగితం మీద చిక్కు తీరుతుంది. నోటితో చెప్పేటప్పుడు ‘ఏనుగు, ఏ ఒకటి’ అని పావు పేరును పూర్తిగా పలకవలసి వస్తుంది. అవధాన సభలో పృచ్ఛకుడు ఎత్తును బిగ్గరగా చెప్పవలసి వస్తే చేయవలసినదీ అదే.